మూడో బెర్తు

“తాళం తిప్పకు! ముందు దిగండి, అందరూ దిగండి!”

వ్యాన్ వెనక తలుపు దగ్గర నిలబడి ముక్కక్క అరిచిన అరుపుకి డ్రైవింగ్ సీట్లో ఉన్న తమ్ముడి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పక్కన కూర్చున్న మరదలు చెప్పులైనా వేసుకోకుండా కిందకి దూకింది.

“ఏమైందక్కా?” తమ్ముడూ దిగాడు.

“గ్యాస్! పొయ్యి కింద, పైపు దగ్గర.”

అంటూనే ఆవిడ వ్యాన్ పక్కకి వెళ్ళి, సిలిండర్ అర తెరిచి వాల్వ్ బిగించేసింది. కుడి చెయ్యి మోచేతిదాకా తడిగా ఉంది.

“వాల్వ్ తెరిచే ఉందిరా! బండి కదిలేముందు మూయాలని ఎన్నిసార్లు చెప్పాను?”

“నిన్న సాయంత్రం పొయ్యి వెలిగించి చూశాను. ఆ తర్వాత...” తమ్ముడు నీళ్ళు నమిలాడు.

తమ్ముడు వడ్రంగి. ఏడాదిపాటు ఆదివారాలన్నీ ధారపోసి, సామాన్లు మోసే పాత వ్యాన్‌ని ఇల్లులా మార్చాడు. పొయ్యి, సింకు, అల్మరాలు, మూడు బెర్తులు. ఇవాళే మొదటి ప్రయాణం, సముద్రం దాకా. రెండు బెర్తులు మొగుడూ పెళ్ళాలవి. మూడోది ఎవరిదన్న దాని మీద వారం రోజులుగా ఇంట్లో ఒకటే పంచాయితీ.

ముక్కక్క గ్యాస్ డిపోలో ముప్పై ఏళ్ళు సిలిండర్లు పరీక్షించి రిటైరయింది. ఏది కారుతోందో పది అడుగుల దూరం నుంచే చెప్పేసేదని అక్కడివాళ్ళు పెట్టిన పేరది. ఇంత వయసొచ్చినా ఆవిడ సముద్రం చూడలేదు. “గ్యాస్ పెట్టుకుని తిరిగే బండి కదా, అక్క ముక్కు వెంట ఉంటే ధైర్యం,” అని తమ్ముడు అన్నరోజున ఆవిడ మొహం వెలిగిపోయింది.

అడ్డం పడింది మరదలి అన్న. ఎలక్ట్రానిక్స్ షాపులో ఉద్యోగం. మనిషికొచ్చే ప్రతి కష్టానికీ తన షాపులో ఒక పెట్టె ఉందంటాడు కాబట్టి ఇంట్లో అతన్ని రిమోట్ అంటారు.

“ముక్కు కోసం ఒక బెర్తు దండగ బావా! నేనొక అలారం తెస్తా. బెర్తు మీద నేను పడుకుంటా,” అన్నాడు. అన్నట్టే నిన్న తెచ్చి బిగించాడు కూడా.

విచిత్రమేమిటంటే, ముక్కక్క గొడవ పడలేదు. “అలారం ఉండాల్సిందే. నా ముక్కొక్కదాన్నే నమ్ముకోకండి,” అని ఫోన్లో చెప్పింది. ఎంత పెద్ద మనసో అనుకున్నారు అందరూ. పొద్దున్నే సాగనంపడానికి వచ్చింది. ఎందుకైనా మంచిదని బట్టల సంచి కూడా తెచ్చుకుంది, పాపం. సామాన్లు సర్దుతూ మిగతా ముగ్గురూ కొత్త వార్నిష్ కంపు భరించలేక రుమాళ్ళు అడ్డం పెట్టుకుని లోపలికీ బయటికీ పరుగులు పెడుతుంటే, ఆవిడ మాత్రం అరగంటసేపు పొయ్యి ముందు నేల మీద చతికిలబడి, ఏదో తుడుస్తూ కూర్చుంది.

“అలారం మోగలేదుగా!” సూట్‌కేసు వదలకుండానే దిగాడు రిమోట్. “మీతోపాటు మీ ముక్కు కూడా రిటైరైపోయింది వదినగారూ!”

“అలారం ఎక్కడ పెట్టావు?”

“తలుపు పైన, కప్పుకి. పొగ అలారాలు అక్కడేగా పెట్టేది?”

“పొగ పైకి పోతుంది అబ్బాయ్. ఈ గ్యాస్ గాలికన్నా బరువు. నేల మీద పాకుతుంది.”

ఆవిడ మెట్టు మీంచే చెయ్యి చాచి అలారాన్ని ఊడదీసి, గుమ్మం దగ్గర కింద పెట్టింది. నాలుగు క్షణాలు గడిచాయో లేదో, వీధంతా ఉలిక్కిపడేలా అది కూత అందుకుంది. రిమోట్ నోరెళ్ళబెట్టాడు.

తలుపులూ కిటికీలూ తెరిచి, అరగంట దూరంగా నిలబెట్టింది అందర్నీ. తర్వాత సంచిలోంచి సీసా, బ్రష్ తీసింది. సీసాలో సగమే ఉన్నాయి నీళ్ళు.

“ఇదేంటి వదినా?”

“సబ్బు నీళ్ళమ్మా. ముక్కు చెప్పిన మాటకి సాక్ష్యం ఉండాలిగా.”

వాల్వ్ కొంచెం తెరిపించి, పైపు అతుకు మీద బ్రష్‌తో రాసింది. బుడబుడమని నురగ పొంగింది. తమ్ముడు స్పానర్‌తో బిగించాడు. మళ్ళీ రాసింది. ఒక్క బుడగ లేదు. తమ్ముడు ఈసారి చెప్పించుకోకుండానే వెళ్ళి వాల్వ్ మూసి వచ్చాడు.

“ఈ వార్నిష్ కంపులో అంత చిన్న లీకు ఎలా పసిగట్టారు వదినా? నాకైతే ఏమీ తెలియలేదు!” మరదలు ముక్కున వేలేసుకుంది.

“ముప్పై ఏళ్ళ అలవాటు,” అంది ముక్కక్క.

రిమోట్ తన సూట్‌కేసు తీసి గేటు పక్కన పెట్టాడు. “బెర్తు మీదే వదినగారూ. ఓడిపోయాను.”

“నీ పెట్టె కూడా రావాలి. నా బెర్తు పక్కనే, నేల దగ్గర బిగించు.”

“అంత ముక్కు పెట్టుకుని మీకెందుకండీ పెట్టె?”

“తోడుగా ఉంటుంది.”

అతను నవ్వేసి, బుద్ధిగా బిగించాడు. వ్యాన్ కదిలింది. ముక్కక్క మూడో బెర్తు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఆ సంతోషానికి పట్టపగ్గాలు లేవు.

“వదినా, సముద్రం వాసన ముందు మీకే తెలుస్తుంది. రాగానే చెప్పాలి సుమా!” ముందు సీట్లోంచి కేకేసింది మరదలు.

“అలాగేనమ్మా,” అంటూ ఆవిడ కిటికీ వైపు తిరిగింది. తెల్లారి నుంచీ తడిగానే ఉన్న బ్రష్‌ని గుడ్డతో ఒత్తి, రేపటి పొద్దుటికి అందేలా దిండు కింద దాచుకుంది.

ఆవిడ ముక్కుకి వాసనలు తెలియక మూడేళ్ళయింది.