కోతుల దొంతర

పొద్దున్నే గదిలోకి రాగానే ఆమె చేసే మొదటి పని, కంటి లోపల ఫోటో తీసే మెషీన్‌కి గడ్డం ఆనించే చోటు స్పిరిట్ దూదితో తుడవడం. రెండోది, డాక్టరు కూర్చునే స్టూలు ఎత్తు సరిచేయడం. మెషీన్ ఆ రోజు బాగుందో లేదో తెలియాలంటే ముందు ఎవరో ఒకరు కన్ను పెట్టాలి. డాక్టరు తన కన్నే పెడతాడు. తెర మూలనున్న అంకెలు చూసి సరే అని లేచిపోతాడు. బయటికొచ్చిన ఫోటో చించి బుట్టలో వేయడం ఆమె మూడో పని. ఆ తర్వాతే కోతులు.

పరిశోధనకి తెచ్చిన కోతులు పన్నెండు. వాటికి మేత పెట్టేది, మత్తిచ్చాక తల పట్టుకుని మెషీన్ ముందు నిలిపేది, ఫోటోలకి నంబరు చీటీలు అంటించేది ఆమే. అందుకే అందరూ కోతులమ్మ అంటారు. ఆ పేరుకి ఆమె ఏనాడూ నొచ్చుకోలేదు. పోయినేడు దాకా.

పోయినేడు ఈ మెషీన్ కొత్తగా వచ్చినప్పుడు, పనివాళ్ళ పిల్లల కళ్ళు కూడా చూస్తామన్నారు. కోతులమ్మ తన నాలుగేళ్ళ కూతుర్ని చంకనేసుకుని వచ్చింది. పాప గుమ్మం దాటేటప్పుడల్లా భుజం కొట్టుకుంటోంది. గ్లాసు పక్కన నీళ్ళు పోస్తోంది. నీదంతా అనుమానం, పిల్లన్నాక తూలదా అన్నారు ఇంట్లోవాళ్ళు.

ఫోటోల మీద పేర్లుండవు. ఎవరిదో తెలిస్తే చూపు ఒకవైపు మొగ్గుతుందని డాక్టరు పెట్టిన పద్ధతి అది. మనుషులవి ఒక దొంతర, కోతులవి ఒక దొంతర. కంటి లోపలి గోడకి నల్లరంగు ఎంత దట్టంగా ఉంటే, మెషీన్ వెలుగుని అంతగా మింగేస్తుంది. కోతులన్నిటికీ ఆ రంగు దట్టమే, వాటి ఫోటోలు నీలినలుపుగా వస్తాయి. రంగు పలచనైన మనుషుల కళ్ళయితే నారింజపండులా వెలిగిపోతాయి.

పాపవి నల్లటి కళ్ళు.

డాక్టరు ఆ ఫోటోని రెండు వేళ్ళతో ఎత్తాడు. కోతిని తెచ్చి మనుషుల్లో కలిపిందెవరయ్యా అంటూ కోతుల దొంతరలోకి విసిరేశాడు. కబురు రాలేదేమని కోతులమ్మ రెండుసార్లు అడిగింది. రాలేదంటే బాగున్నట్టే అన్నారు. కోతుల దొంతర చదివేది నాలుగు నెలలకోసారి. చదివేసరికి పాప కంటి వెనకపొరలో గడ్డ పెరిగిపోయింది. ప్రాణం దక్కాలంటే కన్ను తీసేయాలన్నారు. తీసేశారు.

కోతులమ్మ వెళ్ళి డాక్టరు ముందు నిలబడింది.

"నల్లకళ్ళన్నీ అలాగే వస్తాయమ్మా. కోతికీ నీ కూతురికీ తేడా మెషీన్‌కేం తెలుసు?" అన్నాడు.

"మీవీ నల్లకళ్ళే కదండీ."

"నాతో పోలికేమిటి? నావి చూసే కళ్ళు," అని నవ్వాడు.

ఆ రోజు నుంచీ పాప ఫోటో ఆమె కోటు జేబులోనే ఉంటోంది. చదువు ఆరో తరగతిలో ఆగిపోయింది కానీ, ఆ గడ్డ మాత్రం ఆమెకి అక్షరాలకంటే బాగా వచ్చేసింది. పుచ్చగింజంత నలుపు. అంచున సన్నటి తెల్లచార. ఎక్కడ కనిపించినా పోల్చుకోగలదు.

ఇవాళ పైనుంచి ముగ్గురు వచ్చారు. డాక్టర్ని అందరికన్నా పెద్ద కుర్చీలో కూర్చోబెట్టాలో వద్దో తేల్చడానికి. వాళ్ళలో ఒక పెద్దావిడ, నల్లకళ్ళ మనిషి ఫోటోకీ కోతి ఫోటోకీ తేడా ఎలా తెలుస్తుందని అడిగింది. మెషీన్ పోల్చకపోయినా తను పోలుస్తానన్నాడు డాక్టరు. ఏ ఐదు ఫోటోలైనా ఇమ్మన్నాడు. గదిలో వెలుతురు సరిగా లేదని విసుక్కుంటూ కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఈ నెలలో రెండు బల్బులు మార్పించాడు.

ఫోటోలు అందించేది కోతులమ్మ. ఏది ఎవరిదో రాసిన కాగితమూ ఆమె దగ్గరే. డాక్టరు చెప్పింది ఒప్పో తప్పో చెప్పాల్సింది ఆమే.

చేయి కోటు జేబులోకి పోయింది. ఒక ఫోటో తీసి, నంబరు చీటీ అంటించి, ఐదోదిగా అడుగున పెట్టింది.

మనిషి. కోతి. కోతి. మనిషి. నాలుగూ ఒప్పే.

డాక్టరు ఐదోది ఎత్తి పట్టుకున్నాడు.

"కోతి. ముసలిది. ఇదిగో, వెనకపొరలో గడ్డ కూడా ఉంది."

"మనిషిది కాదని అంత గట్టిగా ఎలా చెబుతున్నారు?" అంది పెద్దావిడ.

"మనిషిదైతే ఈ వారంలోనే కత్తి పట్టాలి. నెల ఆగితే కన్నుతో పోదు, మనిషే పోతాడు. కోతి కాబట్టి సరిపోయింది."

"ఇంకోసారి చూడండి సార్," అంది కోతులమ్మ.

"ఏమ్మా, నాకు కోతుల్ని నువ్వు చూపించాలా?"

ముగ్గురూ నవ్వారు. పెద్దావిడ కోతులమ్మ వైపు తిరిగి, ఒప్పేనా అని అడిగింది.

కోతులమ్మ చేతిలోని కాగితం వంక చూసింది. ఒక్క మాటతో ఆ కుర్చీ ఊడిపోతుంది.

"ఒప్పేనండి. కోతిదే."

డాక్టరు ఫోటో మీద 'కోతి, పనికిరాదు' అని రాసి సంతకం చేశాడు. రెండు వేళ్ళతో ఎత్తి కోతుల దొంతరలోకి విసిరేశాడు. వచ్చినవాళ్ళు చేతులు కలిపి, శుభాకాంక్షలు చెప్పి వెళ్ళిపోయారు. ఆ బల్బు మళ్ళీ మార్పించమని కోతులమ్మకి చెప్పి అతనూ వాళ్ళ వెనకే నడిచాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మానికి భుజం కొట్టుకున్నాడు.

ఖాళీ గదిలో ఆమె కోటు జేబు తడిమి చూసుకుంది. పాప ఫోటో కదలకుండా అక్కడే ఉంది, దొంతరలో ఉన్నది మాత్రం పొద్దున స్టూలు మీద కూర్చుని డాక్టరు తీయించుకున్న, ఆమె చించి బుట్టలో వేయని అతని కంటి ఫోటో.