ముందు నువ్వు తాగు

1948 సెప్టెంబరు. మెదక్‌కు బస్సులు ఆగిపోయాయి. ఇండియా పటాలాలు హైదరాబాదు వైపు కదిలాయని కొందరు, రజాకార్ల మనుషులు బావుల్లో విషం కలుపుతున్నారని కొందరు చెప్పుకుంటున్నారు.

నేతగాడు భూమయ్య ఇంట్లో భయం వేరు.

మగ్గం పక్కన చాప మీద అతని కూతురు పెంటమ్మ చలిజ్వరంతో వణుకుతోంది. ముందు పుట్టినవాళ్లు ఒక్కరూ దక్కక, దీన్ని పెంటకుప్ప మీద పెట్టి తెచ్చుకుని ఆ పేరు పెట్టుకున్నారు.

వానకు చూరు కింద నిలబడిన ఒక కొత్తమనిషి లోపలికి తొంగి చూశాడు. మాసిన గడ్డం, తలకు గుడ్డ. పిల్లను చూసి, కాసేపు ఆలోచించి, జేబులోంచి పొట్లం తీశాడు. కాసిన్ని నీళ్లు కాచమని భూమయ్య భార్య సిద్దమ్మను అడిగాడు.

పొట్లంలో ఎర్రటి బెరడు ముక్కలు.

"ఏందది?" అన్నాడు భూమయ్య.

"చెట్టు పట్ట అన్నా. నీలగిరి కాడ, వాన తెగని కొండలల్ల పెరుగుతదట. చలిజ్వరానికి గిదే మందు."

కషాయం మరిగింది. అతను గిన్నె తీసుకుని పిల్ల దగ్గరికి వెళ్తుంటే భూమయ్య అడ్డం నిలిచాడు. ఆ రోజుల్లో కొత్తవాడు ఏది ఇచ్చినా, ముందు వాడు ఒక గుక్క తాగాకే ఇంటివాళ్లు ముట్టేవాళ్లు.

"ముందు నువ్వు తాగు."

ఆ మనిషి గిన్నెలోకి చూశాడు. చాలాసేపు చూశాడు.

"నాతోని తాగియ్యకన్నా. పిల్లకు సాలదు."

"మందంటివి గదా. ఒక్క గుక్కకు భయమెందుకు?"

అతని చేతులు వణికాయి.

భూమయ్యకు అంతకంటే రుజువు అక్కర్లేకపోయింది. గిన్నెను చేత్తో కొట్టి కింద పడేశాడు.

ఆ మనిషి నేల మీద కూర్చుని, ఒలికినదాంట్లోంచి బెరడు ముక్కలు ఏరి గూట్లో పెట్టాడు. ఇంకోసారి ఉడకబెడితే ఇంకొంత సారం దిగుతుందని సిద్దమ్మకు చెబుతుండగానే, భూమయ్య అతన్ని మెడపట్టి వానలోకి గెంటాడు.

తెల్లారి రామాయంపేట బాట మీద అతని శవం కనిపించింది. ఒంటి మీద దెబ్బ లేదు. తన విషం తనే మింగి ఉంటాడని వాడకట్టులో తేల్చారు.

మధ్యాహ్నం మిషన్ దవాఖానా నర్సు రాహేలు పెంటమ్మను చూడటానికి వచ్చింది. గూట్లో బెరడు చూసి, దాన్నే మళ్లీ మరిగించి పిల్లకు పట్టించింది. పొద్దుగూకేసరికి పెంటమ్మకు చెమట పట్టింది. కళ్లు తెరిచి నీళ్లడిగింది.

భూమయ్య రెండు చేతులూ జోడించాడు.

"సిస్టరమ్మా, రేపటికి సాలదు. దవాఖానల ఇంకింత ఉంటే ఇయ్యుండ్రి."

"లేదు భూమయ్యా. గీ ఒక్క పొట్లమే మిగిలుండె. నిజాంపేట నుంచి చలిజ్వరంతోని నడిచొచ్చినాయనకు నిన్న నేనే ఇచ్చిన. తాగకుంటే తెల్లారేదాక బతకవని చెప్పి మరీ ఇచ్చిన."