తప్పు పేజీది

మేడ మీద వాటా చూడ్డానికి వస్తున్న మనిషికి డ్యూటీ అంటూ ఏదీ లేదట. పగలంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని రాసిందే చెరిపి, చెరిపిందే రాస్తుంటాడట. పక్కింటి తాయారమ్మకు ఎవరో చెప్పారు. ఆవిడ ఆ మాట గోడ మీంచి ఉమారాణి చెవిన వేసింది.

"రైల్వే కాదు, బ్యాంకు కాదు. మరింకేటి మనిషమ్మా?" అని కూడా అందట.

రాయ్‌పూర్‌లోని ఈ మోవా పేటలో మన తెలుగువాళ్ల ఇళ్లకి అదో కట్టుబాటు. క్యారేజీ పట్టుకుని డ్యూటీకి పోయేవాడికే ఇల్లు కిరాయికిస్తారు.

ఆ శుక్రవారం ఉమారాణి కూతురు మాలతికి ఇవేవీ తలకెక్కే స్థితి కాదు. కంప్యూటర్ కంపెనీలో ఆమె ఆరు నెలల ట్రైనింగు సోమవారంతో సరి. ఆలోగా తన ప్రోగ్రాములో హెచ్చరికలన్నీ పోతేనే ఉద్యోగం పర్మనెంటు. నలభై పోగొట్టింది. ఒక్కటి మాత్రం జిడ్డులా పట్టుకుంది.

ఆ హెచ్చరికలు చేసేదాన్ని లింటర్ అంటారు. ఇన్‌స్పెక్షన్‌కొచ్చిన రైల్వే సాహెబులా ప్రతి వరుసా గోకి చూసి వంక పెడుతుంది.

'ఈ వరుసలో రిఫరెన్సు అనవసరం, తీసెయ్' అంది.

రిఫరెన్సంటే సరుకు కాదు, సరుకున్న చోటి చిరునామా. మాలతి ఆ వరుసలో రిఫరెన్సు గుర్తు తీసేసింది. ప్రోగ్రాము పడకేసింది. మళ్లీ పెట్టింది. లింటర్ మళ్లీ సణిగింది. ఇంటర్నెట్‌లో ఆ హెచ్చరిక వివరణ పేజీ తెరిస్తే అక్కడా అదే ముక్క.

మేడ చూసి దిగొచ్చిన చెన్నకేశవులు మంచినీళ్లు తాగుతూ తెర వైపు చూశాడు.

"ఆ పేజీ చెప్పినట్టే చేశారా?"

"చేశా అంకుల్. అందుకే ఏడుస్తున్నా."

"అయితే తప్పు మీది కాదు. పేజీది."

మాలతికి ఒళ్లు మండింది. "ప్రపంచమంతా చదివే పేజీ అంకుల్ అది. ప్లీజ్, నా పని చేసుకోనివ్వండి."

"అచ్ఛా," అని ఆయన గ్లాసు పెట్టేశాడు.

"డ్యూటీ ఎక్కడ బాబూ?" అడిగింది ఉమారాణి.

"జీతమిచ్చే చోటు ప్రస్తుతానికి లేదండి. అద్దె ముందే ఇచ్చేస్తాను."

"అయ్యో, మా అన్నయ్య కొడుకు వస్తానన్నాడు బాబూ," అంది ఉమారాణి, లేని అన్నయ్యని అప్పటికప్పుడు పుట్టించి.

ఆదివారం మధ్యాహ్నం మాలతి దిక్కుతోచక ఆ పేజీ మళ్లీ తెరిచింది.

పేజీ మారిపోయింది.

'ఈ వరుసలో గుర్తులు రెండు. మొదటిది చిరునామా పట్టుకుని ఇంటికి చేరుస్తుంది. రెండోది అదే ఇంటికి మళ్లీ చిరునామా రాస్తుంది. ఆ చిరునామా ముందే మీ చేతిలో ఉంది కదా. రెండూ కలిపి తీసెయ్యండి. ఒక్కటే తీస్తే నడవదు.'

కింద ఉదాహరణ కూడా ఉంది. ముందు ఎలా ఉండేది, తీశాక ఎలా ఉండాలి.

మాలతి రెండూ తీసేసింది. లింటర్ నోరు మూసుకుంది.

సోమవారం సాయంత్రం తాయారమ్మని కూడా పిలిచి జిలేబీలు పంచారు.

ఆ పేజీ మార్చిందెవరో, ఓ థాంక్స్ చెబుదామని మాలతి వెతికింది. అలాంటి పేజీలు తెలిసినవాళ్లెవరైనా దిద్దొచ్చు. మార్పు కింద పేరుంది. చెన్నకేశవులు, రాయ్‌పూర్. పక్కన, ఎందుకు మార్చాడో ఇంగ్లిష్‌లో రెండే వాక్యాలు:

'ఒకమ్మాయి ఈ పేజీ చెప్పినట్టే చేసి ఇరుక్కుంది. ఆమె తెలివైనదే, మన వివరణే సగంలో ఆగింది.'

పేరు నొక్కితే అలా ఆయన బాగుచేసిన పేజీలు మూడొందల పైచిలుకు తేలాయి. అన్నీ ఊరికే చేసిపెట్టినవే.

మాలతి చదివి వినిపించింది. ఉమారాణి చెయ్యి తుడుచుకుని ఫోను కలిపి స్పీకరు పెట్టింది.

"బాబూ, మేడ మీద వాటా ఖాళీగానే ఉంది, వచ్చెయ్యండి."

"ఆరంగ్ ఊళ్లో వేరే వాటా దొరికితే దిగిపోయానండి. అమ్మాయి హెచ్చరిక పోయిందా?"

"పోయింది బాబూ. ఇంత చేసే మనిషి, ఆ రోజు పని లేదని ఎందుకన్నారు?"

"జీతం లేదన్నానండి. పని లేదని మీరనుకున్నారు."