వెలుతురున్న ఇల్లు

"ఆ వేళ్ళు తీసేయండి మేడమ్, ఫోటోలో పడుతున్నాయి!"

"తీస్తే నేను పడతాను నాయనా," అంది ఇల్లాలు స్టూలు మీంచి.

పడగ్గది గుమ్మం చాటున ఇరుక్కుపోయి ఉందామె. తెల్ల దుప్పటి ఒక కొస తలుపు గడియకి కట్టి ఉంది, రెండో కొస ఆమె చేతిలో. కిటికీలోంచి వచ్చే ఎండ ఆ దుప్పటికి తగిలి హాల్లో చీకటి మూలకి వెళ్ళాలట. ఇంకో చేత్తో గుమ్మం అంచు పట్టుకుంది, ప్రాణం మీద తీపి కొద్దీ.

"ఇంకెంతసేపు?"

"మబ్బు జరగాలి మేడమ్. జరిగాక, ఎదురు బిల్డింగు నీడ పడేలోపు కొట్టేయాలి."

పొద్దున్నించీ ఇదే వరస. ఎండ ఏటవాలుగా ఉండగా పడగ్గది తీశాడు ఫోటోగ్రాఫరు. నడినెత్తికొచ్చాక మరీ తెల్లగా ఉందని కెమెరా మూసి కునుకు తీశాడు. ఇప్పుడు హాలు. సాయంత్రం వంటింట్లోకి పచ్చటి ఎండ వస్తుందట, వచ్చినంత సేపు పట్టదట పోవడానికి. అందాకా పొయ్యి వెలిగించకూడదు. ఇంట్లో సామానంతా బాత్రూంలో ఉంది. అత్తగారు కూడా అక్కడే, కుర్చీతో సహా.

"అమ్మాయ్! లైటన్నా వేసుకోవచ్చా?" లోపల్నించి కేక.

"వద్దు మామ్మగారూ! ఎండలో బల్బు వెలుగు కలిస్తే గోడలకి కామెర్లొచ్చినట్టుంటుంది!"

"ముందు నాకొచ్చేట్టున్నాయి!"

ఇల్లాలు నవ్వాపుకుంది. పట్టపగలు బియ్యం ఏరడానికి లైటు వేసుకోవాల్సిన ఈ కొంప వదిలితే చాలు. అమ్మేద్దామంటే మొగుడు ఒక పట్టాన ఒప్పుకోలేదు. తెల్లారకముందే పోయి దీపాలు పెట్టాక వచ్చే మనిషి, సెలవొస్తే కర్టెన్లు దించి పడుకునే మనిషి. "చీకటేంటి, నాకెప్పుడూ కనపడలేదే?" అనేవాడు. చివరికి, "నాకు నచ్చిన ఇల్లు దొరికితే చూద్దాం. ఈలోపు ఫోటోలు తీయించుకో, బ్రోకరు చూసుకుంటాడు," అన్నాడు.

మబ్బు జరిగింది. క్లిక్. ఆమె చెయ్యి మొద్దుబారిపోయింది.

"అన్ని గదులూ పక్కపక్కన పెడితే ఎండ ఇల్లంతా ఒకేసారి ఉన్నట్టుంటుంది మేడమ్," అన్నాడు ఫోటోగ్రాఫరు. "ఏ గది ఏ వేళప్పుడు తీశావని ఎవరూ అడగరు."

వారం తిరక్కుండానే మొగుడు చెప్పులు కూడా విప్పకుండా ట్యూబులైటు కిందకొచ్చి నిలబడ్డాడు. "నీ పంతం నెగ్గింది! ఇల్లు దొరికింది!"

"నిజంగానా! ఎక్కడండీ?"

"ప్రకటనలో అడ్రసు ఇవ్వలేదు, ఫోనులో ఫోటోలు చూశా. కొంటే ఇదే కొంటా. ఇది చేతికొచ్చేదాకా ఈ కొంప అమ్మేది లేదు. అమ్మ మీద ఒట్టు!"

"మధ్యలో నేనెందుకురా!" అంది అత్తగారు.

"చూడవే, హాల్లో ఆ చివరి మూలదాకా ఎండే! ఇలాంటి ఇంట్లో ఉండేవాళ్ళది అదృష్టమంటే!"

ఆమె ఫోను అందుకుంది. హాలంతా ఖాళీగా, ధగధగా ఉంది. పక్కన పడగ్గది గుమ్మం. ఆ గుమ్మం అంచున, పడిపోకుండా గట్టిగా పట్టుకున్న తన నాలుగు వేళ్ళు.