అందరూ నవ్వాక

ఇప్పుడు ఏ పాత ఆల్బమ్ అడిగినా గోడలోని పెట్టె దాన్ని శుభ్రం చేసి వినిపిస్తోంది. దగ్గులు, ఈలలు, సమయానికి రాని నవ్వులు తీసేస్తుంది. అసలు రికార్డులు ఇక దొరకవు.

అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ మల్లేశం కామెడీ ఆల్బమ్ పెట్టమంది. జోకులు, చిన్న నాటికలు, మధ్యలో పాటలు. వరంగల్‌లో అది రికార్డు చేసిన రోజు నాన్న ముందు వరసలో ఉన్నాడు.

"మా మామ రెండ్రోజులుండి పోత అన్నడు. ఏ రెండ్రోజులో చెప్పలే," అన్నాడు మల్లేశం. జనం నవ్వారు. పాట మొదలైంది.

"మీ నాయిన నవ్వు ఏదే?" అంది అమ్మ.

నాన్నకు ఏ జోకైనా ఆలస్యంగానే అర్థమయ్యేది. ఆ రికార్డులోనూ పాట మొదలయ్యాక ఆయనొక్కడి నవ్వే వినిపించేది. ఆయన పోయాక అమ్మ ఆ నవ్వు కోసమే ఈ ఆల్బమ్ వినేది.

"పెట్టె తప్పనుకొని తీసేసినట్టుందమ్మా."

అంతలో నాకు జోకు వెలిగింది. పాట మధ్యలో పగలబడి నవ్వాను.

అమ్మ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

"మల్లొక్కసారి పెట్టు బిడ్డా."

ఈసారి జోకు నాకు ముందే తెలుసు. అయినా పాట మొదలయ్యేదాకా నవ్వు ఆపుకుని కూర్చున్నాను.