జీపుకు బొట్టు

శుక్రవారం కాబట్టి కోమలి జీపుకు బొట్లు పెడుతోంది.

బానెట్‌కు మూడు. దీపాలకు రెండు. అద్దం కింద నీళ్లు చిమ్మే రెండు నల్లటి బుడిపెలకు చెరొకటి. తడిపిన పసుపు వేలితో దట్టంగా అద్ది, దాని మీద కుంకుమ. జీపు కొన్న నాటి నుంచి ఆమె ఈ పని ఒక్క వారమూ మానలేదు.

నెలన్నర నుంచి మాత్రం జీపు పోలీస్ స్టేషన్లో ఉండిపోయింది. నిన్ననే విడిపించుకొచ్చారు.

పలమనేరు దాటిన కొండపల్లెల నుంచి బడిపిల్లల్ని తేవాలి. ఆ రాళ్లదారిలో ఇంకే బండీ ఎక్కదు. ఈరోజు ఎనిమిదికి అక్కడ ఉండకపోతే బడివాళ్లు వేరే జీపును మాట్లాడుకుంటారు. పైన చూస్తే మబ్బు కమ్ముకుని ఉంది.

కోమలి భర్త నరేంద్ర లోపల కూర్చుని మీట లాగి చూశాడు. అద్దం మీదికి చిమ్మాల్సిన నీళ్లు బానెట్ మీదే కారిపోయాయి.

“ముసలోడు ఉమ్మినట్టు ఉండాది!” అని విసుక్కుంటూ దిగాడు. “మెకానిక్‌కు ఫోన్ చేసినా. వస్తే చూపించు. నేను నీళ్లు పోసుకోనొస్తా.”

అతను అటు వెళ్లగానే ఇటు గేటు చప్పుడైంది.

యాభై దాటిన మనిషి. చంకలో గుడ్డసంచి.

“నరేంద్ర ఇల్లు ఇదేనా తల్లీ?”

“ఇదే. ఏందన్నా, ఇంతసేపా? రా, రా.”

“అది కాదమ్మా. ఆయన్ని ఒక మాట అడగల్లని...”

“మాటలు తర్వాత మాట్లాడుకుందురు. ముందు ఈ నీళ్ల సంగతి సూడు. ఎనిమిదికి పిల్లోళ్లను ఎక్కించుకోవల్ల. వాన పడితే మా ఆయనకు దోవ కనపడదు.”

పిల్లోళ్లన్న మాటకు ఆయన జీపు వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

సంచి కింద పెట్టాడు.

“బానెట్ ఎత్తుదాం తల్లీ.”

డబ్బాలో నీళ్లు నిండుగానే ఉన్నాయి. కోమలి లోపల కూర్చుని, తాళం తిప్పి మీట లాగింది. మోటారు గుర్రుమంది. ఆయన గొట్టం ఊడదీసి, మళ్లీ లాగమన్నాడు. నీళ్లు ఎగిరొచ్చి ఆయన చొక్కా తడిపేశాయి.

కోమలికి నవ్వాగలేదు. “శుక్రవారం తలంటు ఐపాయ కదన్నా!”

ఆయనా నవ్వబోయి ఆగిపోయాడు.

“మోటారు బాగుండాది. ఈ బుడిపెల్లోనే ఏదో అడ్డం పడింది.”

సంచిలోంచి పిన్ను తీశాడు. రేకుకు బిగించిన సన్నటి తీగ.

“జీపుకు స్టవ్వు పిన్నేందన్నా?”

“నాకు తెలిసింది స్టవ్వుల పనే తల్లీ. బెజ్జం మూసుకుంటే యాడైనా ఒకటే.”

మెకానిక్ తన బదులు ఈయన్ను పంపాడేమో అనుకుంది కోమలి.

ఆయన పిన్ను బుడిపెలో గుచ్చి తీశాడు. కొనకు పసుపు అంటుకుని వచ్చింది.

“ఇదేందమ్మా?”

“పసుపు. వారం వారం నేనే పెడతా...”

కోమలి గొంతు తగ్గిపోయింది. పొర మీద పొరగా గట్టిపడ్డ పసుపు పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది.

“అయితే ఆ పొద్దు కూడా ఇందుకేనా...”

“ఏ పొద్దు?”

చెప్పకూడదనుకుంది. మనసు ఆగలేదు.

“నెలన్నర కింద వానలో, ముందర పోయే లారీ అద్దం నిండా బురద కొట్టిందన్నా. మా ఆయన మీట లాగితే నీళ్లు రాలే. దోవ కనపడక, రోడ్డు వారన నిలబడుండే ఆడపిల్లకు తగిలించేసినాడు. కాలు విరిగింది. ఆ పిల్లే అడ్డం వచ్చిందని స్టేషన్లో చెప్పినాం. లైసెన్సు పోతే మేం యాడికి పోయేది? నేను ఆస్పత్రికి పోయి సూసింది కూడా లేదు.”

ఆయన రెండో బుడిపెలో పిన్ను పెట్టాడు. పసుపు గీకుతూ అడిగాడు.

“ఆ పిల్ల ఏమనింది?”

“వారనే నిలబడుకోనుంటినని ఒకటే ఏడుపంట. ఎవురు నమ్ముతారు? వాళ్ల నాయనే నమ్మలేదంట. సూసుకోని నడిసేది రాదా అని మంచంలో ఉండే పిల్లను తిట్టినాడంట, పాపం.”

ఆయన గొట్టం తగిలించి, బానెట్ దించి, పిన్నుతో బుడిపెల మూతి సరిచేశాడు.

“లాగు తల్లీ.”

రెండు ధారలు సూటిగా వచ్చి అద్దం నడుమ కొట్టుకున్నాయి. వైపర్లు అటూ ఇటూ తిరిగాయి. బురద మరకలు పోయి, అద్దం అవతల ఆయన మొహం తేటగా కనిపించింది. కళ్లు తుడుచుకుంటున్నాడు.

నీళ్లు చిమ్మాయేమో అనుకుంది కోమలి.

“బొట్టు బండి నుదుట పెట్టుకో తల్లీ,” అన్నాడాయన. “కంట్లో పెట్టద్దు.”

అప్పుడే నరేంద్ర ఒక చేత్తో తల తుడుచుకుంటూ, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు.

“ఏమే, మెకానిక్ ఈ పొద్దు రాలేడంట. ఇప్పుడే చెప్పినాడు.”

“ఈ అన్న వచ్చి బాగుచేసింది కూడా అయింది, సూడు!” అంది కోమలి జీపులోంచే. “నిన్ను ఏందో ఒక మాట అడగల్లంట.”

నరేంద్ర తలెత్తాడు. తువ్వాలు చేతిలోనే ఆగిపోయింది.

“కాశిం సాహెబ్...”

కేసు కాగితాల్లో ఆ పిల్ల తండ్రిదని కోమలి చదివిన పేరు.

కోమలి జీపు దిగలేకపోయింది. అంత తేటైన అద్దం వెనక మొహం దాచుకోవడానికి చోటు కూడా లేదు.

కన్నబిడ్డ మాట నమ్మక తిట్టిన ఆ తండ్రి, అడగడానికి వచ్చిన ఒక్క మాటా అడగకుండానే, సంచి చంకన పెట్టుకుని గేటు దాటి వెళ్లిపోయాడు.