ఎందుకమ్మ

టైలరు బగ్గీ మళ్లీ పల్టీ కొట్టింది.

మూరెడు కూడా లేని, రిమోట్‌తో నడిపే బ్యాటరీ బండి. వెల్లకిలా పడి, నాలుగు చక్రాలూ గాలిలో గిరగిరా తిప్పుకుంటోంది.

"ఎటు పడింది?" అని అడిగింది కంచె పక్కన కూర్చున్న ముసలావిడ.

పాత గోడౌను వెనకున్న ఆ మట్టి ట్రాక్ దగ్గరికి ఆవిడ ప్రతి ఆదివారం వస్తుంది. మడత స్టూలు తనే తెచ్చుకుంటుంది. ఎవరి తాలూకో ఎవరికీ తెలియదు. ఎవరి రిమోట్ బండి పడినా ఆవిడవి రెండే ప్రశ్నలు. ఎటు పడింది? ఎందుకు పడింది?

కళ్లెదుటే పడితే ఎటు పడిందంటుందేమిటని అందరూ నవ్వుకునేవాళ్లు. ఎందుకమ్మ అని పేరు కూడా పెట్టేశారు.

టైలరుకు మాత్రం నవ్వు రాలేదు. "ఎడమకండీ," అని గొణిగాడు. ఆయన బాధ ఆయనది.

ఆ బగ్గీ అలాంటిలాంటిది కాదు మరి. పిచ్చుక నడిపిన బండి.

ట్రాక్ పక్కనే, ఈ బండ్లు నడిపేవాళ్ల క్లబ్బు షెడ్డులో ఓ బోర్డుంది. అందరికంటే వేగంగా ట్రాక్ చుట్టి వచ్చినవారి పేరు రాయాల్సిన చోట పిచ్చుక బొమ్మ ఉంది. ఆ రికార్డు ఇప్పటిదాకా ఎవరూ చెరపలేదు. టైలరు బండి అడుగున గీసి ఉన్నదీ ఆ బొమ్మే.

ఆ బొమ్మతోనే పేరుపడ్డ పిచ్చుకను చూసినవాళ్లెవరూ ఇప్పుడు క్లబ్బులో లేరు. చూడకపోతేనేం, ఆయన గురించి చెప్పనివాడు లేడు. ఆరడుగుల మనిషని ఒకరు, మిలిటరీలో చేసొచ్చాడని ఇంకొకరు. వీధి చివరి బార్బరైతే ఆ మీసాలకు తనే కత్తెర వేశానని చెప్పుకునేవాడు.

బండి అమ్మిన కొట్టాయన ఒకటే చెప్పాడు. బగ్గీని ఎవరి చేతో పంపించారట గానీ, రిమోట్ మాత్రం ఇవ్వనన్నారట. ఎందుకో ఆయనకూ తెలియదు. టైలరు వేరే రిమోట్ కలుపుకున్నాడు.

అంతటి బండి, టైలరు చేతికొచ్చాక పల్టీ కొట్టకుండా ఒక్క పందెమూ పూర్తి చేయలేదు. కుదుపులాపే షాకుల్లో చిక్కటి నూనె పోశాడు. స్ప్రింగులు మార్చాడు. టైర్లు మార్చాడు. అయినా ట్రాక్ మధ్యలోని దిబ్బ మీంచి ఎగిరిందంటే చాలు, దిగడం తలకిందులుగానే.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ వరస," అంది భార్య.

నవ్వుతూనే అంది గానీ, గుచ్చుకుంది. వచ్చే ఆదివారం పెద్ద పందెం. అందులోనూ పడితే బండిని కొన్న కొట్లోనే తిరిగి ఇచ్చేస్తానని ఇంట్లో చెప్పేశాడు. చెప్పాడే గానీ ప్రాణం ఒప్పుకోవడం లేదు.

బగ్గీకి అంటిన మట్టి దులుపుతుంటే ఎందుకమ్మ దగ్గరికొచ్చింది.

"ఎప్పుడూ ఎడమకేనా నాయనా?"

"ఎప్పుడూనండీ."

"కుడివైపు ఏమైనా తీసేశావా?"

అడుగున పనికిరాని సీసం బిళ్లలు అతికించి ఉంటే పీకేశానన్నాడు టైలరు. బరువు తగ్గితే పరుగు పెరుగుతుంది కదా అన్నాడు.

"పనికిరానివని ఎందుకనుకున్నావు?"

టైలరుకు ఒళ్లు మండింది. "ఇవన్నీ మీకెందుకండీ?"

ఆవిడ వెనుదిరిగింది.

"నిజమేలే. నాకెందుకు," అంది. స్టూలు మడిచి, కంచె తడుముకుంటూ వెళ్లిపోయింది.

మర్నాడు తన కుట్టు కొట్లో గుడ్డ పరిచి గీత గీస్తున్నాడు టైలరు. గుడ్డ కదలకుండా పెట్టుకున్న బరువులు చేతికి తగిలాయి. అవి ఆ సీసం బిళ్లలే. ఆవిడ 'ఎందుకు' నిన్నటి నుంచీ చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

బగ్గీని తెచ్చి, దాని అడుగున సరిగ్గా మధ్యలో పొడవునా చెక్క స్కేలు అంచు వచ్చేట్టు నిలబెట్టి చూశాడు.

ఎడమకు ఒరిగిపోయింది. బరువైన బ్యాటరీ అటే ఉంది.

టైలరు నెత్తి కొట్టుకున్నాడు. తక్కెడన్నాక రెండో పక్కా బరువుండొద్దూ? పిచ్చుకగారు చూసి చూసి పెట్టుకున్న బిళ్లల్ని తను పీకి గుడ్డ మీద పెట్టుకున్నాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నది ఇందుకే. పాత జిగురు మరకలు చూసుకుంటూ ఎక్కడివి అక్కడే అతికించాడు.

ఆదివారం బగ్గీ దిబ్బ ఎక్కింది. గాలిలోకి లేచింది. నాలుగు చక్రాల మీద చక్కగా దిగింది.

పందెమంతా అంతే, ఒక్కసారీ పడలేదు. వచ్చింది మూడో స్థానమే అయినా టైలరు సంబరం అంతా ఇంతా కాదు. రిమోట్ పక్కన పడేసి కంచె దగ్గరికి పరుగెత్తాడు. ఎందుకో తెలిసిందని ఆవిడకు చెప్పాలి. అలా అన్నందుకు ఏమనుకోవద్దని కూడా చెప్పాలి.

స్టూలు లేదు. ఆ చోట ఇంకెవరో నడివయసు ఆవిడ సంచి పట్టుకుని నిలబడి ఉంది.

"ఎడమకు పడే బండి మీదేనా అండీ?"

"ఇవాళ పడలేదండీ," అన్నాడు టైలరు రొప్పుతూ. "పెద్దావిడ రాలేదా?"

తను ఆవిడ కోడలినని చెప్పింది. అత్తయ్య మొన్న సోమవారం నిద్రలోనే పోయారంది. చూపు పోయి చాలా కాలమైందట. ఎదురుగా ఉన్న మనిషీ నీడలాగే కనిపించేవాడట. అయినా ఆదివారం వచ్చిందంటే మోటార్ల చప్పుడు వినాల్సిందేనని పట్టుబట్టేవారట.

ఎటు పడిందని ఎందుకడిగేదో టైలరుకు అప్పటికి తెలిసింది.

"పోయిన ఆదివారం ఇంటికి రాగానే దీన్ని తీసి సంచిలో పెట్టారు. వచ్చే వారం మీకివ్వాలన్నారు."

పాత రిమోట్. పట్టి పట్టి పిడి నున్నగా అరిగిపోయింది. వెనక్కి తిప్పి చూస్తే, బండి అడుగున ఉన్న బొమ్మే.

"ఈ పిచ్చుక..." అన్నాడు టైలరు.

"మా అత్తయ్యేనండీ. పుట్టింట్లో అందరూ ఆవిణ్ణి అలాగే పిలిచేవాళ్లట."